మంచం పక్కకు తిప్పుతుంది, ఒళ్లు చూసేదెవరు?

ముప్పై పడకల న్యూరో వార్డు ఒకటి ఊహించుకుందాం. పక్షవాతం వచ్చినవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు, వెన్ను విరిగినవాళ్లు కలిపి సొంతంగా ఒత్తిగిల్లలేని రోగులు అందులో 10 మంది. ఒకే పక్కన పడి ఉండి ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలన్న పాత నియమం పాటిస్తే ఒక్కొక్కరిని రోజుకు 12 సార్లు తిప్పాలి. అంటే 120 సార్లు. ట్యూబులు చూసుకుని, దిండ్లు సర్ది, దుప్పటి ముడతలు లాగి ఒకసారి తిప్పడానికి తక్కువలో తక్కువ 5 నిమిషాలు వేసుకున్నా మొత్తం 600 నిమిషాలు, పది గంటలు. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి ఇద్దరు కావాలి. రోజుకు 20 గంటల మనిషి శ్రమ, రెండున్నర షిఫ్టుల పని, కేవలం పక్కలు మార్చడానికే. రాత్రిపూట ఆ వార్డులో ఇద్దరే నర్సులుంటే ఇది జరిగే పనేనా?

జరగదు. జరగదని అందరికీ తెలుసు. భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. ఏ పెద్ద ప్రభుత్వాసుపత్రి వార్డులోకైనా రాత్రి పదకొండు తర్వాత వెళ్లి చూస్తే ఆ లెక్క ఎంత దూరాన ఉందో తెలుస్తుంది. అందుకే మన దగ్గర ఈ పని రోగి భార్య మీదో, కొడుకు మీదో, కోడలి మీదో పడుతుంది. "అమ్మా, రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతూ ఉండండి" అని చెప్పి సిస్టర్ ఇంకో మంచం దగ్గరికి పరిగెత్తుతుంది. కేస్‌షీట్‌లో ఏ గంటకు పక్క మార్చారో రాసే పొజిషన్ చార్టు మాత్రం 10, 12, 2, 4, 6 అని నిండుగా ఉంటుంది. చాలాసార్లు ఒకే పెన్నుతో, ఒకే వాలులో, తెల్లవారుజామున ఒక్క విడతలో. దాన్ని అబద్ధం అనడం కంటే, కుదరని లెక్కకు కాగితం మీద రాసిన జవాబు అనడం న్యాయం.

రోగిని తనంతట తాను పక్కకు ఒరిగించే పరుపులు, మంచాలు ఈ ఖాళీలోకే వస్తున్నాయి. నర్సుల సమయం మిగులుతుంది, బెడ్‌సోర్లు, అంటే ఒత్తిడి వల్ల పడే ఈ పుండ్లు తగ్గుతాయి అని అమ్మేవాళ్లు రెండు మాటలు ఒక్క ఊపిరిలో చెబుతారు. మొదటిది కొంతవరకు నిజం. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కాదు.

ఆరోగ్యంగా ఉన్న మనిషి నిద్రలో కూడా ఊరికే ఉండడు. 1970ల నాటి ఒక లెక్క ప్రకారం నిద్రపోయేవాడు సగటున 11, 12 నిమిషాలకోసారి ఏదో ఒక రకంగా కదులుతాడు. ఒత్తిడి పడినచోట నొప్పో తిమ్మిరో మొదలవగానే, మెలకువ రాకుండానే ఒళ్లు జరిగిపోతుంది. పక్షవాతం వచ్చినవాడికి, మత్తులో ఉన్నవాడికి ఆ కబురు అందదు, అందినా కదలలేడు. నడుం కింది ఎముక, తుంటి, మడమ, తల వెనుక భాగం లాంటి చోట్ల ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన కండకు రక్తం ఆగిపోతుంది. చాలాసార్లు దెబ్బ మొదలయ్యేది చర్మం మీద కాదు, లోపల ఎముక పక్కన. పైకి రూపాయి బిళ్లంత మచ్చ కనబడేసరికి లోపల గుప్పెడంత కండ చచ్చిపోయి ఉండొచ్చు. దీనికి తడి, చెమట, మంచం తల లేపినప్పుడు ఒళ్లు కిందికి జారడం తోడవుతాయి. జారేటప్పుడు చర్మం దుప్పటికి అంటుకుని అక్కడే ఉంటుంది, లోపలి కండ మాత్రం కిందికి దిగుతుంది. ఆ సాగులో సన్నని రక్తనాళాలు మెలిపడతాయి.

ఇంతకీ రెండు గంటలన్న అంకె ఎక్కడిది? ప్రయోగశాలలో పుట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944లో, ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ వెన్నెముక గాయాల కేంద్రం మొదలుపెట్టారు. పారాలింపిక్స్‌కు బీజం వేసింది కూడా ఈయనే. అప్పటిదాకా వెన్ను విరిగిన సైనికుల్లో చాలామంది పుండ్ల వల్లో, మూత్రనాళాల ఇన్‌ఫెక్షన్ వల్లో చనిపోయేవారు. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి తిప్పించడం అక్కడ నియమమైంది. రెండే ఎందుకంటే, సిబ్బంది వార్డు ఈ కొస నుంచి మొదలుపెట్టి ఆ కొస చేరేసరికి రెండు గంటలు పట్టేదట, మళ్లీ మొదటి మంచానికి వచ్చేవారట. నర్సింగ్ లోకంలో తిరిగే ఈ కథ ఎంత నిజమో గానీ, అంకె మాత్రం అన్ని దేశాల వార్డుల్లోకీ పాకింది.

ఆ అంకెను గట్టిగా పరీక్షించినవాళ్లలో నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ ముఖ్యులు. ఎవరికి బెడ్‌సోర్ వచ్చే అవకాశం ఎంతో అంచనా వేయడానికి ప్రపంచమంతా వాడే బ్రేడెన్ స్కేలును 1980ల్లో బార్బరా బ్రేడెన్‌తో కలిసి తయారుచేసింది ఆమే. అమెరికా, కెనడాల్లోని 27 వృద్ధాశ్రమాల్లో 942 మందిని తీసుకుని, కొందరిని 2 గంటలకు, కొందరిని 3 గంటలకు, కొందరిని 4 గంటలకోసారి తిప్పించి మూడు వారాలు చూశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు, పుండ్లు పడింది మొత్తం మీద 2 శాతం మందికే. అయితే వీళ్లందరూ పడుకున్నది మంచి దట్టమైన ఫోమ్ పరుపుల మీద. పైగా వాళ్లు వృద్ధాశ్రమంలో ఉన్నవాళ్లు, ఐసీయూలో బీపీ నిలబడని రోగులు కారు. కాబట్టి నాలుగు గంటలు చాలని మన వార్డులో ప్రకటించేయడానికి వీల్లేదు. పరుపు మంచిదైతే గడియారం కొంచెం సడలుతుందని మాత్రం అర్థమవుతుంది. మధ్యలో గుంట పడిన కాయిర్ పరుపు మీద రోగిని ఉంచి, తిప్పే యంత్రం కోసం బడ్జెట్ అడగడంలో ఉన్న తిరకాసు ఇదే.

కోణం సంగతి కూడా ఉంది. ఐర్లండ్‌లో జరిగిన మరో అధ్యయనంలో రాత్రిపూట 3 గంటలకోసారి 30 డిగ్రీలు మాత్రమే ఒరిగించినవారిలో 3 శాతం మందికి పుండ్లు పడ్డాయి. అలవాటుగా 6 గంటలకోసారి పూర్తిగా పక్కకు, 90 డిగ్రీలు తిప్పినవారిలో 11 శాతం మందికి. పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీదికి వస్తుంది. వీపు కింద దిండు పెట్టి కాస్త ఒరిగిస్తే నడుం ఎముకా తేలుతుంది, తుంటి మీదా భారం పడదు. యంత్రాలు కూడా దాదాపు ఈ 30 డిగ్రీల చుట్టూనే పనిచేస్తాయి కాబట్టి సిద్ధాంతం ప్రకారం అవి సరైన దారిలోనే ఉన్నాయి.

ఇక యంత్రాల దగ్గరికి వస్తే, ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. మెడికల్ షాపుల్లో రెండు మూడు వేలకు దొరికే, బుడగలు బుడగలుగా ఉండే ఎయిర్ బెడ్ పక్క మార్చే యంత్రం కాదు. చిన్న మోటారు దాని గదుల్లోకి వంతులవారీగా గాలి ఎక్కిస్తూ దించుతూ ఉంటుంది. పది నిమిషాలకో ఎంతకో భారం ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుతుంది గానీ, వెల్లకిలా ఉన్న మనిషి వెల్లకిలానే ఉంటాడు. అయినా "ఎయిర్ బెడ్ వేశాం కదా" అని తిప్పడం మానేసే ఇళ్లూ వార్డులూ కొల్లలు. గాలి గదులు మారే పరుపుల్లో ఖరీదైనవి కూడా మంచి ఫోమ్ కంటే అంతగా మెరుగేమీ కాదని బ్రిటన్‌లో 2,029 మందితో చేసి 2019లో ప్రచురించిన పెద్ద అధ్యయనం చెప్పింది. రెంటి మధ్యా కచ్చితంగా చెప్పదగ్గ తేడా తేలలేదు.

నిజంగా తిప్పే పరుపు వేరు. దాని అడుగున కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పొడవాటి గాలి సంచులు ఉంటాయి. కుడి సంచి మెల్లగా ఉబ్బితే రోగి ఎడమకు ఒరుగుతాడు, కాసేపటికి గాలి దిగి వెల్లకిలా అవుతాడు, తర్వాత రెండో వైపు. ఎంత కోణం, ఎంతసేపు అన్నది ముందే సెట్ చేసుకోవచ్చు. ఇంకో రకంలో పరుపు కాదు, మంచం చట్రమే ఒరుగుతుంది. ఐసీయూల్లో ఊపిరితిత్తుల్లో కఫం పేరుకోకుండా 40 డిగ్రీల దాకా అటూ ఇటూ ఊగే పెద్ద మంచాలు ఈ కోవలోవి. మరో రకం తనంతట తాను ఏమీ చేయదు. నర్సు బటన్ నొక్కితే ఒకవైపు లేపి పట్టుకుంటుంది, అంతే. దీన్ని టర్న్ అసిస్ట్ అంటారు. ఇద్దరి పని ఒకరితో అవుతుంది. చూడ్డానికి చిన్న సౌకర్యమే గానీ, మన వార్డులకు ఎక్కువ పనికొచ్చేది బహుశా ఇదే.

ఇవేవీ నిన్న మొన్నటి వింతలు కావు. స్టోక్ మాండెవిల్‌లోనే దశాబ్దాల కిందట మీట నొక్కితే ఒరిగే కరెంటు మంచాలు వాడారు. అమెరికాలో ఎముకల డాక్టర్ హోమర్ స్ట్రైకర్ రోగిని రెండు చట్రాల మధ్య బిగించి తిరగేసే ఫ్రేమ్ తయారుచేశారు. ఆయన పేరుతో వెలసిన కంపెనీ ఈనాటికీ ఆసుపత్రి మంచాలు అమ్ముతోంది. ఇన్నేళ్లుగా ఉన్నవి వార్డు వార్డుకీ ఎందుకు పాకలేదంటే, ఖరీదు ఒక్కటే కారణం కాదు.

ఒక నర్సు రోగిని పక్కకు తిప్పేటప్పుడు నిజానికి ఏమేం జరుగుతాయో చూడండి. వీపు కనబడుతుంది. ఎర్రబడిందా, కమిలిందా, తడిగా ఉందా అన్నది తెలుస్తుంది. విరేచనం అయి ఉంటే అప్పుడే శుభ్రం చేస్తారు. నలిగిన దుప్పటి, వీపు కింద ఇరుక్కున్న సిరంజి మూత, మెలితిరిగిన యూరిన్ పైపు బయటపడతాయి. మడమ కింద దిండు జారిపోయి ఉంటే సర్దుతారు. నోరెండిపోతే తడి చేస్తారు. "ఏం పెద్దయ్యా, నొప్పిగా ఉందా?" అని ఒక మాట అడుగుతారు. పక్క మార్చడం అన్న ఒక్క పేరు కింద ఇన్ని పనులు దాక్కుని ఉన్నాయి. యంత్రం వీటిలో ఒక్కటే చేస్తుంది, ఒరిగిస్తుంది. మిగతావి దాని వెంట రావు. పైగా తిప్పే పని తప్పిపోయింది కాబట్టి మంచం దగ్గరికి వచ్చే సందర్భమే తప్పిపోతుంది. యంత్రం పెట్టిన వార్డులో రోగి వీపును ఎనిమిది గంటలపాటు ఎవరూ చూడకపోవడం ఇలాగే జరుగుతుంది. నిర్లక్ష్యం అనక్కర్లేదు, పని తీసేసినప్పుడు దాని తోకలు కూడా ఊడిపోయాయి.

మన చర్మం రంగు వల్ల ఈ చూపు ఇంకా అవసరం. పాఠ్యపుస్తకాల్లో మొదటి దశ బెడ్‌సోర్ అంటే వేలితో నొక్కినా తెల్లబడని ఎరుపు అని ఉంటుంది. తెల్ల చర్మం చూసి రాసిన మాట అది. చామనఛాయ, నల్లని ఒంటి మీద ఆ ఎరుపు కనబడదు. చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా చల్లగా ఉందా, గట్టిపడిందా మెత్తబడిందా, రంగు కాస్త ముదిరిందా అని చేత్తో తాకి చూడాలి. గాలి సంచికి ఆ చెయ్యి లేదు.

ఒరిగించడంలోనూ మెలికలున్నాయి. పరుపు 30 డిగ్రీలు లేచిందంటే ఒళ్లు 30 డిగ్రీలు తిరిగిందని కాదు. మెత్తని పరుపులో మనిషి కూరుకుపోతాడు, బక్కపలచని వాళ్లు ఒక తీరుగా, లావుగా ఉన్నవాళ్లు ఇంకో తీరుగా. యంత్రం తన పని చేశానని తెర మీద చూపిస్తున్నా నడుం ఎముక ఇంకా పరుపుకు ఆనుకునే ఉండొచ్చు. చెయ్యి దూర్చి చూస్తేనే తెలుస్తుంది. మంచం తల ఎత్తి ఉండగా ఒరిగితే ఒళ్లు మూలకు జారుతుంది, ముందు చెప్పుకున్న సాగు ఇక్కడే వస్తుంది. ఇక మడమల సంగతి యంత్రానికి పట్టదు, వాటిని దిండుతో విడిగా తేల్చాల్సిందే.

అలాంటప్పుడు యంత్రం దేనికి అన్న ప్రశ్న వస్తుంది. కాలిఫోర్నియాలో జరిగి 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఈ చర్చను కాస్త మలుపు తిప్పింది. ఐసీయూలో 1,300 మందికి పైగా రోగుల ఛాతీకి చిన్న సెన్సర్ అంటించారు. రోగి ఏ పక్కకు ఎంతసేపు ఉన్నాడో అది కనిపెట్టి నర్సుల స్టేషన్‌లోని తెర మీద చూపేది. అయితే ఆ తెర సగం మంది రోగుల విషయంలోనే నర్సులకు కనబడేది. తెర చూసిన గుంపులో పుండ్లు పడింది 0.7 శాతం మందికి, చూడని గుంపులో 2.3 శాతం మందికి. సమయానికి పక్క మార్చడం చూడని గుంపులో 54 శాతం, చూసిన గుంపులో 67 శాతం. ఇక్కడ యంత్రం ఎవరినీ తిప్పలేదు, గుర్తుచేసింది. తిప్పిందీ వీపు చూసిందీ మనిషే. మంచాలన్నీ మార్చేసే ముందు ఏ ఆసుపత్రి అయినా ఆలోచించాల్సిన ఫలితమిది.

ఒరిగించే మంచం వైపు బలంగా చెప్పగలిగే వాదం నిజానికి రోగి చర్మం గురించి కాదు, నర్సు నడుం గురించి. మనిషిని చేతులతో ఎత్తేటప్పుడు 35 పౌండ్లు, అంటే దాదాపు 16 కిలోలు దాటకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. 60 కిలోల మనిషి కాలు ఒక్కటే 10 కిలోల దాకా తూగుతుంది. జపాన్ ప్రభుత్వం 2013లో సవరించిన నడుంనొప్పి నివారణ మార్గదర్శకాల్లో, మనుషుల్ని ఒట్టి చేతులతో ఎత్తే పని సిబ్బందితో చేయించకపోవడమే నియమంగా ఉండాలని రాసింది. కోవిడ్ కాలంలో వెంటిలేటర్ మీద ఉన్న రోగిని బోర్లా పడుకోబెట్టడానికి ఐదారుగురు కావాల్సి వచ్చినప్పుడు ఈ బరువు ఏమిటో ఐసీయూ సిబ్బందికి బాగా తెలిసొచ్చింది. మన దగ్గర ఆ బరువు మోసేది నర్సూ వార్డు బాయే కాదు, యాభై ఏళ్లు దాటిన భార్య కూడా. ఆవిడ నడుం ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. టర్న్ అసిస్ట్ ఎక్కువ పనికొస్తుందన్నది ఇందుకే. బరువు యంత్రం మోస్తుంది, మంచం పక్కన మనిషి ఉంటుంది, వీపు కనబడుతుంది.

తిప్పే పరుపులే కావాలనుకుంటే మొదట ఎవరికి వేయాలన్నది తేల్చుకోవాలి. వెన్నెముక ఇంకా స్థిరపడని రోగికి, విరిగిన ఎముకను బరువులు కట్టి లాగి ఉంచే ట్రాక్షన్ మీద ఉన్నవాడికి వేయకూడదు. తలలో ఒత్తిడి పెరిగిన రోగి విషయంలో డాక్టర్ చెప్పాలి. మతిమరుపుతో, భయంతో పెనుగులాడే ముసలివాళ్ల కింద అర్ధరాత్రి పరుపు కదిలితే లేచి దూకే ప్రమాదముంది. మంచం పక్క కమ్మీలు ఎత్తి ఉండకపోతే పడిపోతారు, ఎత్తి ఉంటే పరుపుకూ కమ్మీకీ మధ్య ఇరుక్కోవచ్చు. మంచాల్లో ఇలా ఇరుక్కుని జరిగే మరణాల మీద అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2006లో ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. వెంటిలేటర్ పైపు, పెద్ద రక్తనాళంలోకి పెట్టిన సెంట్రల్ లైన్, యూరిన్ బ్యాగు ఒరిగే వైపు చాలినంత పొడవు ఉన్నాయో లేవో మొదటిసారి దగ్గరుండి చూడాలి. గుండె ఆగితే ఛాతీ నొక్కడానికి వీలుగా పరుపు గాలి వేగంగా తీసేసే మీట ఎక్కడుందో ఆ వార్డులో ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా రాత్రి షిఫ్టుకు, కళ్లు మూసుకున్నా దొరకాలి.

తర్వాత దుప్పట్ల సంగతి. లక్షలు పోసి కొన్న పరుపు మీద రబ్బరు షీటు, దాని మీద మడత పెట్టిన దుప్పటి, దాని మీద ఇంటి నుంచి తెచ్చిన బొంత పరిస్తే అడుగున గాలి ఏం చేసినా ఒంటికి చేరదు. పల్చటి దుప్పటి ఒక్కటే ఉండాలి. చెప్పడం తేలిక, "గట్టిగా ఉంది, చలేస్తోంది" అనే అటెండెంట్‌ను ఒప్పించడం కష్టం. కరెంటు పోతే పరుపు గాలి నిలుస్తుందా, జనరేటర్ లైన్‌కు ఆ ప్లగ్ కలిపి ఉందా, సెల్‌ఫోన్ చార్జర్ కోసం ఎవరైనా ప్లగ్ పీకేస్తారా అన్నవి చిల్లర ప్రశ్నల్లా కనబడతాయి గానీ, సగం యంత్రాలు ఓడిపోయేది ఇక్కడే. మిగతా సగం రిపేర్ల దగ్గర. జాతీయ ఆరోగ్య మిషన్ కింద దేశంలోని ప్రభుత్వాసుపత్రుల పరికరాలను లెక్కించినప్పుడు రాష్ట్రాన్ని బట్టి 13 నుంచి 34 శాతం దాకా పనిచేయడం లేదని తేలింది. చిల్లుపడిన గాలి సంచికి రేపు కాక ఎల్లుండి కొత్తది రాకపోతే ఆ పరుపు స్టోర్ రూమ్‌కు పోతుంది, లేదా అంతకంటే దారుణంగా, గాలి లేకుండా రోగి కిందే ఉండిపోతుంది.

ఫలితం కొలవడంలో ఒక ఉచ్చు ఉంది. ఆసుపత్రిలో పడిన తీవ్రమైన బెడ్‌సోర్లకు అదనపు డబ్బు ఇవ్వబోమని అమెరికాలో ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ 2008 అక్టోబర్‌లో తేల్చేశాక అక్కడ ప్రతి పుండూ లెక్కలోకి ఎక్కింది. మన వార్డుల్లో అంత పట్టింపు లేదు. కాబట్టి యంత్రాలు వచ్చి, శిక్షణ జరిగి, నర్సులు రోజూ వీపు చూడటం మొదలుపెడితే మొదటి రెండు నెలల్లో రిజిస్టర్‌లో పుండ్లు పెరుగుతాయి. అంతకుముందు లేవని కాదు, ఎవరూ రాయలేదని. ఆ అంకె చూసి సూపరింటెండెంట్ టెన్షన్ పడి యంత్రాలు దండగన్నా తప్పే, మందలింపులకు భయపడి నర్సులు మళ్లీ రాయడం మానేసినా తప్పే. యంత్రాలు తెప్పించక ముందే రెండు నెలలు ఊరికే చూసి రాసుకుంటే, ఆ తర్వాత పోల్చుకోవడానికి ఒక ఆనవాలు ఉంటుంది.

ఇంకొకటి, మన దగ్గరే ఎక్కువగా ఎదురయ్యేది. పక్షవాతం రోగి వార్డులో రెండు మూడు వారాలుంటాడు. ఆ తర్వాత నెలలు, ఏళ్లు ఇంట్లో, నవారు మంచం మీదో దివాన్ మీదో. ఇంటికి ఆ యంత్రం రాదు. ఇన్నాళ్లూ భార్యో కొడుకో వార్డులో తిప్పీ తిప్పీ, సిస్టర్ చేత చీవాట్లు తినీ, దిండు ఎక్కడ పెట్టాలో, మడమ ఎలా తేల్చాలో, వీపు మీద ఏ మచ్చకు భయపడాలో నేర్చుకునేవారు. మంచమే తిప్పేస్తుంటే వాళ్లు పక్కన స్టూలు మీద కూర్చుని ఉంటారు. నేర్చుకునే చోటు అదొక్కటే. కనీసం డిశ్చార్జికి ముందు నాలుగైదు రోజులు ఆ స్విచ్ ఆపి, నర్సు పక్కనే నిలబడి, ఇంటివాళ్ల చేత తిప్పించాలి.